ఒక దీవి, ఒక సీతాకోకచిలుక

విశాఖపట్టణమున యారాడ కొండ సముద్రములోనికి చొచ్చుకొనిపోయి, దూరమునుండి వచ్చు ఓడలకు గుర్తుగా నిలిచియున్నది. దానినే డాల్ఫిన్స్ నోస్ అనియు పిలుతురు. ఆ కొండ యండను నేడు గొప్ప ఓడరేవు కలదు. ఆ రేవు 1933లో ప్రారంభమైనది. కాని అంతకు ముందును ఈ తీరమునకు ఓడలు వచ్చుచునే యుండెడివి. అవి ఒడ్డునకు దూరముగా లంగరు వేసికొని నిలుచుచుండెను. సరకులను, జనులను చిన్న పడవలపై ఎక్కించి, కెరటములను దాటించి వాటివద్దకు చేర్చెడివారు. అట్లు పోయినవారిలో మరల ఈ ఒడ్డును చూడనివారు ఎందరో కలరు.

వారు పోయిన దేశములలో మారిషస్ ఒకటి. హిందూ మహాసముద్రములో, విశాఖకు సుమారు 5,000 కిలోమీటర్ల దూరమున ఆ దీవి యున్నది. 1835లో అచట బానిసత్వము రద్దయ్యెను. చెరకుతోటల యజమానులకు పనివాండ్రు కావలసివచ్చిరి. బానిసత్వము రద్దగుటకు కొలది కాలము ముందు, 1834లోనే, భారతదేశమునుండి ఒప్పందపు కూలీలను తెచ్చు పద్ధతి మొదలయ్యెను. కోరంగి, విశాఖపట్టణము, మద్రాసు మున్నగు రేవులనుండి తెలుగువారు ఓడలెక్కిరి. 1843లో కోరంగి పేరుగల ఓడయే తెలుగు కూలీలను అచటికి చేర్చినది. అందుచేతనే మారిషస్‌లో తెలుగువారికి కోరంగీలను పేరు వచ్చినది. వారి సంతతివారు నేటికిని ఉగాది జరుపుకొందురు. ఆ దినము అచట ప్రభుత్వపు సెలవు దినము. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిగినవి.

ఆ దీవిలో మానవుడు అడుగుపెట్టుటకు ఎంతో ముందునుండి నివసించిన ఒక చిన్న ప్రాణి కలదు. మనవారు అచట చెరకు నరకుచున్న కాలముననే శాస్త్రజ్ఞుడొకడు దానికి పేరు పెట్టెను. నేడు ఆ పేరు మాత్రము మిగిలినది. ప్రాణి లేదు.

అది ఒక సీతాకోకచిలుక. దాని శాస్త్రీయ నామము లిబిథియా సినిరాస్. 1866లో దానిని మొదట వర్ణించినవాడు రోలాండ్ ట్రైమెన్. ఇంగ్లండులో జన్మించి, దక్షిణాఫ్రికాలో కేప్ టౌన్ నగరమున ఉద్యోగము చేయుచు, ఆ దేశపు సీతాకోకచిలుకలను గూర్చి గొప్ప గ్రంథము వ్రాసిన విద్వాంసుడతడు. తరువాతి కాలమున అచటి వస్తుప్రదర్శనశాలకు అధ్యక్షుడయ్యెను. 1865లో అతడు మారిషస్‌కు పోయి, అచటి సీతాకోకచిలుకలను పరిశీలించెను.

సినిరాస్ అనునది గ్రీకు పురాణములలో సైప్రస్ దీవి నేలిన ఒక రాజు పేరు. ఆ రాజు కుమార్తె పేరు మిర్రా. మన దేశపు అడవులలో నివసించు ఇదే ప్రజాతికి చెందిన మరియొక సీతాకోకచిలుకకు అంతకు ముందే, 1819లో, లిబిథియా మిర్రా అను పేరు పెట్టబడి యుండెను. మారిషస్‌లోని దానికి సినిరాస్ అను పేరు వచ్చినది. ఈ విధముగా భారతదేశమునందలి దానికి కుమార్తె పేరును, సముద్రమున కావలి దీవిలోని దానికి తండ్రి పేరును కలిగినవి. ఆ కుమార్తె యింకను ఎగురుచున్నది, తండ్రి లేడు.

ఈ ప్రజాతి సీతాకోకచిలుకలను గుర్తించుట కష్టము కాదు. తక్కిన సీతాకోకచిలుకలకు లేని ముక్కు వీటికి కలదు. తలకు ముందు భాగమున రెండు స్పర్శాంగములు పొడవుగా పెరిగి, ఒకదానితో నొకటి కలిసి, పక్షి ముక్కువలె ముందునకు పొడుచుకొని వచ్చును. రెక్కలు విప్పినచో అంచునుండి అంచునకు సుమారు రెండంగుళముల వెడల్పు ఉండును. పైభాగము ముదురు గోధుమవన్నెతో ఉండును. దానిపై నారింజవన్నె పట్టెలో, మచ్చలో ఉండును. ముందు రెక్కల కొన గుండ్రముగా నుండక, కత్తెరతో కత్తిరించినట్లు కోసుగా నుండును. రెక్కల అడుగుభాగము మాత్రము ఎండుటాకు రంగులో నుండును.

ఈ రూపము వృథాగా కలిగినది కాదు. ఈ సీతాకోకచిలుక కొమ్మపై వ్రాలి రెక్కలు మూసికొన్నప్పుడు అడుగుభాగము మాత్రమే పైకి కనబడును. అది యొక ఎండుటాకు. ముందునకు సాగిన ముక్కు ఆ యాకునకు తొడిమ. పక్కనే కూర్చున్న పిట్టయు దానిని చూచి ఆకే యనుకొని ఎగిరిపోవును. ఆయుధము లేని ప్రాణికి ఆకారమే కవచమైనది.

వీటి కాళ్లయందును ఒక విశేషము కలదు. ఆడదానికి ఆరు కాళ్లును నడకకు పనికివచ్చును. మగదానికి ముందు కాళ్లు రెండును కురుచవై, నడకకు పనికిరాకుండును. ఈ కుటుంబము మిక్కిలి పురాతనమైనది. అమెరికాలో కొలరాడో రాష్ట్రమున ఫ్లోరిసాంట్ అను చోట, సుమారు 3 కోట్ల 40 లక్షల సంవత్సరములనాటి రాతిపొరలలో ఈ కుటుంబపు సీతాకోకచిలుకల శిలాజములు దొరికినవి. మానవజాతి పుట్టుటకు కోట్ల సంవత్సరముల ముందే ఈ ముక్కు సీతాకోకచిలుకలు భూమిపై ఎగిరినవని దీనివలన తెలియుచున్నది.

మరి, నేల నలుమూలల నుండి నీరు చుట్టియున్న దీవిలోనికి ఇంత చిన్న ప్రాణి ఎట్లు చేరినది? మారిషస్ ఏ ఖండమునుండియు విడివడిన ముక్క కాదు. సముద్రగర్భమున అగ్నిపర్వతములు పగిలి, లావా పేరుకొని, సుమారు 80 లక్షల సంవత్సరములకు పూర్వము నీటిపైకి వచ్చిన నేల అది. మొదట అది వట్టి రాయి. గాలికి కొట్టుకొనివచ్చిన విత్తనములు, పక్షులు తెచ్చిన విత్తనములు, అలలపై తేలివచ్చిన కాయలు అచట మొలకెత్తినవి. అడవి పుట్టినది. సీతాకోకచిలుకలును పెనుగాలులలో చిక్కి, ఎపుడో ఒకప్పుడు వచ్చి చేరియుండును. అట్లు వచ్చిన కొలది ప్రాణులు తమ బంధువులనుండి వేరుపడి, తరతరములుగా ఆ దీవియందే పెరిగి, క్రమముగా ప్రత్యేక జాతులైనవి. అందుచేతనే దీవులలో, ప్రపంచమున మరెచ్చటను లేని జీవులు కనబడుచుండును. ఎగురలేని పెద్ద పక్షియైన డోడో అట్టిదే. సినిరాస్ సీతాకోకచిలుకయు నట్టిదే.

దీవి దాని కిచ్చిన వరము ఇది. కాని ఈ వరమునందే ఒక అపాయమును కలదు. ఆ అపాయము తెలియవలెనన్నచో సీతాకోకచిలుక బ్రతుకును కొంచెము తెలిసికొనవలెను.

పువ్వునుండి పువ్వునకు పోవు సీతాకోకచిలుకను చూచి, దానికి పూవులున్న చాలునని తలచుదురు. అది దాని బ్రతుకులో చివరి భాగము మాత్రమే. అది మొదట గ్రుడ్డు, తరువాత గొంగళిపురుగు, తరువాత కదలక మెదలక యుండు ప్యూపా, కడపట రెక్కల ప్రాణి. ఈ నాలుగు దశలలో పెరుగుదల యంతయు గొంగళిపురుగు దశలోనే జరుగును. ఆ గొంగళిపురుగు కనబడిన యాకునెల్ల తినదు. పలు జాతులకు కొలది మొక్కల ఆకులు మాత్రమే ఆహారము. ఆ మొక్క లేనిచో ఆకలితో చచ్చునే కాని, ప్రక్కనున్న వేరొక మొక్కను ముట్టదు. అందుచేతనే తల్లి మిక్కిలి జాగ్రత్తతో గ్రుడ్లు పెట్టును. అది ఆకుపై వ్రాలి, ముందు కాళ్లతో తట్టి చూచును. సీతాకోకచిలుకలకు కాళ్లతోను రుచి తెలియును. తగిన యాకని తెలిసిన పిమ్మటనే గ్రుడ్డు పెట్టును. ముక్కు సీతాకోకచిలుకల గొంగళిపురుగులకు సెల్టిస్ అను ప్రజాతికి చెందిన అడవి చెట్ల లేతాకులే ముఖ్యాహారము.

కాబట్టి సీతాకోకచిలుక ప్రాణము దాని రెక్కలలో లేదు. కథలలోని మాంత్రికుని ప్రాణము ఏడు సముద్రముల కావల చిలుకలో నున్నట్లు, దీని ప్రాణము ఒక చెట్టు ఆకులో నున్నది. పెద్ద దేశములో ఒకచోట ఆ చెట్లను నరికినను మరియొక చోట నుండును. సీతాకోకచిలుక అచటికి ఎగిరిపోవును. దీవిలో నున్నది ఎచటికి పోగలదు? అడవి అంచు దాటినచో ఎదురగునది సముద్రము.

మారిషస్ అడవులకు అట్టి కాలము వచ్చినది. 1598లో డచ్చివారు ఆ దీవిలో దిగిరి. నల్లని చేవగల ఎబొనీ చెట్లను నరికి ఓడలపై పంపిరి. 1639లో చెరకును, జావా ద్వీపపు దుప్పులను తెచ్చిరి. వారి కాలముననే డోడో పక్షి అంతరించినది. దానిని కన్నులార చూచినట్లు నమ్మదగిన కడపటి సాక్ష్యము 1662 నాటిది. 1715లో ఫ్రెంచివారు, 1810లో ఆంగ్లేయులు ఆ దీవిని స్వాధీనము చేసికొనిరి. వచ్చినవారెల్లరు తమతో ఏదో యొక జీవిని తెచ్చుచునే వచ్చిరి. మిడుతలను తినిపించుటకు మన దేశపు గోరింకను సయితము 1762లో అచటికి తీసికొనిపోయిరి. ఎలుకలు, పందులు, కోతులు, పరదేశపు మొక్కలు దీవి నంతయు ఆక్రమించినవి.

1825లో ఇంగ్లండు ప్రభుత్వము మారిషస్ చక్కెరపై నున్న అధిక సుంకమును తీసివేసెను. అంతట చెరకుసేద్యము మిక్కిలి వేగముగా పెరిగెను. అడవి తరుగుచు, తోట పెరుగుచు వచ్చినది. ఈ సమయముననే ఒప్పందపు కూలీలు ఓడలపై వచ్చి దిగిరి. 1834 మొదలు 20వ శతాబ్దపు ఆరంభము వరకు దాదాపు నాలుగున్నర లక్షల మంది ఆ దీవికి చేరిరి. వారు దిగిన పోర్ట్ లూయీ రేవులోని కట్టడములను నేడు ఆప్రవాసి ఘాట్ అని పిలుతురు. 2006లో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి.

అడవి నరుకుమని ఆజ్ఞాపించినవారు ఆ కూలీలు కారు. వచ్చిన లాభమును వారు అనుభవించలేదు. ఒప్పందము చేతికి సంకెలయై, సూర్యోదయమునుండి సాయంకాలము వరకు రాళ్లు ఏరి, గోతులు త్రవ్వి, చెరకు నాటినవారు వారు. ట్రైమెన్ సినిరాస్‌కు పేరు పెట్టిన 1866వ సంవత్సరముననే ఆ దీవిలో మలేరియా జ్వరము చెలరేగి, 1868 వరకు వేలాది ప్రాణములను బలిగొన్నది. చచ్చినవారిలో భారతీయ కూలీలే అధికులు. అట్టి దినములలో గోధుమవన్నె సీతాకోకచిలుక యొకటి అడవినుండి తరుగుచున్నదని ఎవరు చూతురు? చూచినను ఎవరితో చెప్పుదురు? మానవుని బ్రతుకునకే విలువ లేని చోట పురుగు బ్రతుకునకు విలువ ఎట్లు కలుగును?

సినిరాస్ నేడు అంతరించిన జాతుల పట్టికలో చేరినది. డోడో కథ లోకమునకెల్ల తెలియును. పిల్లల పుస్తకములలో దాని బొమ్మ యుండును. సినిరాస్‌ను గూర్చి శాస్త్రము వ్రాసికొన్నది కొన్ని పంక్తులు మాత్రమే. ఆ తరువాత మరియొక సీతాకోకచిలుకయు మారిషస్‌నుండి కనుమరుగైనది. దాని పేరు సలామిస్ అగస్టినా. దాని గొంగళిపురుగులకు ఆహారము ఒబీషియా అను చిన్న చెట్టు. ఆ చెట్టును ముట్టినచో దురద పుట్టును. ఆ చెట్టు తరిగిపోయిన కొలది సీతాకోకచిలుకయు తరిగెను. పొరుగున నున్న రీయూనియన్ దీవిలో ఆ చెట్టు కొంత మిగిలియున్నది; ఆ సీతాకోకచిలుకయు అచట మిగిలియున్నది. ఆకు ఉన్నచోట ప్రాణము నిలిచినది. ఆకు లేనిచోట పోయినది. ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యము వేరొకటి అక్కరలేదు.

మారిషస్ దూరపు దీవి కాబట్టి అట్లు జరిగినదని, విద్యయు ధనమును గల దేశములలో అట్లు జరుగదని కొందరు తలచవచ్చును. ఆ దీవిని 1968 వరకు ఏలిన ఇంగ్లండును ఒక దీవిలోనిదే. అచటను ఒక సీతాకోకచిలుక అంతరించినది. దానిని కాపాడవలెనని పలువురు ప్రయత్నించుచుండగనే అది అంతరించుట వింత.

దాని పేరు లార్జ్ బ్లూ, అనగా పెద్ద నీలి సీతాకోకచిలుక. లేత నీలి రెక్కలపై నల్లని చుక్కలతో అది మిక్కిలి అందముగా నుండును. ఆ యందము చూచి సేకరించువారు దానిని పట్టుకొనిపోవుచున్నారని, దాని నివాసములలో కొన్నింటికి చుట్టును కంచెలు వేసిరి. కంచె లోపలికి మనుష్యులు రాలేదు. పశువులును రాలేదు. గడ్డి ఏపుగా పెరిగినది. సీతాకోకచిలుకలు మాత్రము మరింత తగ్గిపోయినవి. 1950 దశకమున కుందేళ్లకు మిక్సొమాటోసిస్ అను అంటువ్యాధి సోకి, అవియు లక్షలుగా చచ్చినవి. గడ్డి మేయువారే లేకపోయిరి.

జెరెమీ థామస్ అను శాస్త్రజ్ఞుడు ఏండ్ల తరబడి ఆ గడ్డిభూములలో కూర్చుండి దీని మర్మమును కనిపెట్టెను. ఆ సీతాకోకచిలుక థైమ్ అను సువాసనగల చిన్న మొక్క మొగ్గలపై గ్రుడ్లు పెట్టును. గొంగళిపురుగు కొలది దినములు ఆ పూవులను తిని, నేలపై పడును. ఒక జాతి ఎర్రచీమ దానిని చూచి, తన పుట్టలోని పిల్లయే తప్పిపోయినదని భ్రమించి, పుట్టలోనికి మోసికొనిపోవును. అచట ఆ గొంగళిపురుగు చీమల పిల్లలను తినుచు సుమారు పది నెలలు పెరుగును. ఇంటికి తెచ్చినవారి బిడ్డలనే తినును. ఏ చీమ పుట్టయైనను దీనికి పనికిరాదు. ఆ యొక్క జాతి చీమ యుండవలెను. ఆ చీమకు ఎండచే వెచ్చనైన నేల కావలెను. గడ్డి అంగుళమునకు మించి పెరిగినచో నేల చల్లబడును; చీమ తొలగిపోవును. చీమ పోయినచో సీతాకోకచిలుకకు బ్రతుకు లేదు. పశువులను రానీయని కంచెయే దానికి శత్రువైనది.

ఈ రహస్యము బయటపడునప్పటికి ఆలస్యమైనది. 1979లో ఆ జాతి ఇంగ్లండునుండి అంతరించినట్లు ప్రకటించిరి. కాని కథ అంతటితో ముగియలేదు. ఆ జాతియే స్వీడన్ దేశమున మిగిలియుండెను. 1983లో అచటినుండి తెచ్చి, పశువులచే గడ్డిని చక్కగా మేపించి సిద్ధపరచిన భూములలో విడిచిరి. ఈ మారు అవి నిలిచినవి. నేడు ఇంగ్లండులో అవి మరల ఎగురుచున్నవి. ప్రేమ యొక్కటియే చాలదని, ప్రేమించిన దానిని తెలిసికొనవలెనని ఈ వృత్తాంతము బోధించుచున్నది. బంధువులు మరియొక చోట మిగిలియుండుటచేత పెద్ద నీలి సీతాకోకచిలుక తిరిగి వచ్చినది. సినిరాస్ మారిషస్‌లో తప్ప మరెచ్చటను లేదు. దానిని ఎచటినుండి తేగలరు?

మారిషస్‌వారును ఆ నష్టమునుండి పాఠము నేర్చికొనిరి. అచటి కెస్ట్రెల్ అను చిన్న డేగ 1974లో నాలుగు మాత్రమే మిగిలినట్లు తేలెను. గ్రుడ్లను జాగ్రత్తగా పొదిగించి, పిల్లలను పెంచి, అడవిలో విడిచి, దానిని వందల సంఖ్యకు తెచ్చిరి. పరదేశపు మొక్కలను పెరికివేసి, స్థానికమైన చెట్లను నాటుచున్నారు. 1994లో బ్లాక్ రివర్ కనుమలను జాతీయ వనముగా చేసిరి. ఆ దీవిలో చెడక మిగిలిన ఆదిమారణ్యము నూటికి రెండు పాళ్లయినను లేదు. ఆ కొంచెమును నిలుపుకొనుటకే వారి శ్రమ యంతయు.

ఈ కథ విన్న పిమ్మట విశాఖపట్టణపు కొండలను మరల చూడవలెను. నీరు చుట్టిన నేల మాత్రమే దీవి యని భూగోళశాస్త్రము చెప్పును. సీతాకోకచిలుకకు ఇండ్లు చుట్టిన అడవియు దీవియే. 1933లో ఓడరేవు, 1941లో నౌకానిర్మాణశాల, 1957లో నూనెశుద్ధి కర్మాగారము వచ్చినవి. 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారమును 1992లో జాతికి అంకితము చేసిరి. వీటివలన లక్షలాది కుటుంబములకు అన్నము దొరకుచున్నది. ఇవి అక్కరలేదని ఎవరును అనజాలరు. అయితే నగరము పెరిగిన కొలది సింహాచలము కొండలు, కంబాలకొండ, యారాడ కొండ మున్నగునవి వీధుల నడుమ పచ్చని దీవులవలె మిగులుచున్నవి. కంబాలకొండ అడవి ఒకప్పుడు విజయనగర మహారాజులది. నేడు ప్రభుత్వ సంరక్షణలో వన్యప్రాణుల ఆశ్రయముగా నున్నది.

ఆ కొండలయందును, నగరపు తోటలయందును సీతాకోకచిలుకలు ఎన్నియో కలవు. ఆంధ్ర విశ్వకళాపరిషత్ పరిశోధకులు వాటిలో పలు జాతుల జీవితచక్రములను గ్రుడ్డు మొదలు రెక్కలు వచ్చు వరకు పరిశీలించి వ్రాసిరి. పెరటిలోని కరివేపచెట్టును, నిమ్మచెట్టును నమ్ముకొని బ్రతుకు పసుపు నలుపుల సీతాకోకచిలుక అందరును చూచినదే. దాని గొంగళిపురుగు చిన్నతనమున పక్షి రెట్టవలెను, పెద్దయిన పిమ్మట ఆకుపచ్చగను ఉండును. మరియొకటి నల్లని రెక్కలపై తెల్లని పట్టెలు, ఎర్రని చుక్కలు, ఎర్రని దేహము కలది. ట్రాయి నగరపు వీరుడైన హెక్టర్ పేరు దానికి పెట్టిరి. దాని గొంగళిపురుగులు ఈశ్వరి తీగ ఆకులను తినును. ఆ తీగలోని విషము వాటి దేహమునకు పట్టి, పిట్టలు వాటిని ముట్టకుండ కాపాడును. వైద్యమునకు పనికివచ్చునని మానవులును ఆ తీగను వేళ్లతో పెరికికొనిపోవుచుందురు. ఈశ్వరి తీగ లేని కొండపై ఆ వీరుడు ఉండజాలడు.

తోట శుభ్రపరచునప్పుడు కలుపు అని పెరికివేయునది ఏ ప్రాణికి అన్నమో పెరికినవానికి తెలియదు. కరివేప ఆకును కొరికిన పురుగును నలిపివేయువాడు, కొలది వారముల తరువాత పెరటిలో ఎగురవలసిన రెక్కలను నలుపుచున్నానని ఎరుగడు. ఎరుగుట కష్టము కాదు. ఏ మొక్కపై ఏ పురుగు ఉన్నదో, అది ఎన్ని దినములకు గూడు కట్టినదో, ఏ రంగుతో బయటికి వచ్చినదో ఒక పుస్తకమున వ్రాసికొనుటకు పెన్సిలు, ఓపిక చాలును. ట్రైమెన్ చేసిన పనికిని, థామస్ చేసిన పనికిని మొదలు అదియే.

యారాడ కొండపై నిలిచి తూర్పు దిక్కున చూచినచో నేటికిని లంగరు వేసి నిలిచిన ఓడలు కనబడును. ఒకనాడు ఆ నీటిమీదుగానే మనవారు సినిరాస్ ఎగిరిన దీవికి పోయిరి. వారిలో నొకడు చెరకుచేని గట్టున, ఎండుటాకు వంటి ఆ సీతాకోకచిలుకను చూచియుండవచ్చును. ఆకే యనుకొని నడచిపోయి యుండవచ్చును. కొండపై చూచువాని పాదముల చెంత, పొదలలో, నేడును ఆకులవంటివి కొన్ని కలవు. వంగి చూచువారి కొరకు అవి వేచియున్నవి.

ప్రశ్నలు

1. మారిషస్‌లోని తెలుగువారికి కోరంగీలను పేరు ఎట్లు కలిగినది?
2. ముక్కు సీతాకోకచిలుక రూపమును వర్ణింపుము. ఆ రూపము దాని నెట్లు కాపాడును?
3. “సీతాకోకచిలుక ప్రాణము దాని రెక్కలలో లేదు.” ఈ వాక్యమును సోదాహరణముగ వివరింపుము.
4. ఇంగ్లండులో వేసిన కంచెలు పెద్ద నీలి సీతాకోకచిలుకకు ఏల కీడు చేసినవి?
5. నగరము నడుమ నున్న కొండను దీవియని ఏల చెప్పవచ్చును?
6. మీ పెరటిలోనో, బడి తోటలోనో ఒక మొక్కను ఎన్నుకొని, దానిపై కనబడిన పురుగులను పది దినములు పరిశీలించి వ్రాయుము.